గొంతు దిగిన ఏడాది

నేను హైస్కూల్లో సంగీతం టీచర్ని. ఈ మాట చెప్పగానే పలాస బస్టాండులో ఎవరైనా సరే ఒక్క క్షణం ఆగి, "అంటే ఏటి సెప్తారు మేడం?" అని అడుగుతారు. లెక్కల టీచర్ని, సైన్సు టీచర్ని ఆ ప్రశ్న ఎవరూ అడగరు. నాకది అలవాటైపోయింది. శ్రుతి, లయ, స్వరం చెప్తాను అంటాను. అర్థమైనట్టు తలూపి, ఈ ఏడు జీడి పూత ఎలా ఉందో మాట్లాడుకుంటారు. నేను నా బస్సెక్కుతాను.

పుట్టింది నందిగాంలో. విజయనగరం వెళ్లి గాత్రం నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చాక టెక్కలిలో కొన్నేళ్లు చేసి, బదిలీ మీద ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి హైస్కూలుకి వచ్చాను. ఇల్లు పలాసలోనే ఉంచుకున్నాం. పొద్దున్నే బస్సు, బస్సు దిగాక ఆటో. దారికి రెండు పక్కలా కొబ్బరి, జీడి తోటలు, వాటి మధ్య పనస చెట్లు. బడి వెనక అంతా ఇసుక నేల. గాలి ఇటు తిరిగిన రోజు సముద్రం హోరు క్లాసులోకి వచ్చేసేది. తిరగని రోజు పక్క గదిలో సాంఘిక శాస్త్రం పాఠం తప్ప ఏమీ వినిపించేది కాదు.

హెడ్మాస్టరు గారిది ఇచ్ఛాపురం. ఇంట్లో ఒడియా, బయట తెలుగు. స్వతహాగా లెక్కల మనిషి. నేను చేరిన రోజునే కూర్చోబెట్టి టీ ఇప్పించి, మెత్తగా విషయం చెప్పారు.

"టెన్త్ వాళ్ల సంగీతం పీరియడ్లు లెక్కలకి వాడుకుంటున్నాం మేడం. ఏమీ అనుకోకండి."

"వాడుకోండి సర్. ఎనిమిది, తొమ్మిది తరగతులు మాత్రం నాకు వదిలెయ్యండి."

ఆయన నవ్వారు. "మీరు అడుగుతున్నట్టు లేదు, చెప్పేస్తున్నట్టుంది."

"దసరా సెలవులకి ముందు ఒకసారి వచ్చి వినండి సర్. బాగోలేదనిపిస్తే అవి కూడా తీసుకోండి."

ఆ మాట ఊరికే అనలేదు. హైస్కూలు పిల్లలకి సంగీతం చెప్పడంలో నాకు భయం లేదు. నాకు వచ్చిన పనుల్లో అది బాగా వచ్చిన పని.

తొమ్మిదో తరగతిలో అడుగు పెట్టగానే పిల్లలు సినిమా పాట నేర్పమన్నారు. నేను శ్రుతి పెట్టె తీసి బల్ల మీద పెట్టి మీట నొక్కాను. అరచేతిలో పట్టేంత పెట్టె. ఒకే నాదం ఆగకుండా మోగుతూ ఉంటుంది. పిల్లలు కాసేపు విని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది ఏ పాట మేడం?" అని వెనక బెంచీ నుంచి ఒకడు.

"ఏ పాటా కాదు. ఏ పాటైనా దీన్ని ఆనుకునే పాడాలి. ఇవాళ దీనితో గొంతు కలపడం ఒక్కటే మన పని."

మొదటి వరసలో పొట్టి జడల అమ్మాయి చెయ్యెత్తింది. బాప్టిస్టు చర్చి పాస్టరు గారి కూతురు. ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయిస్తుంది. "ఇది జి కదా మేడం?" అంది.

"జి నే. మేం ఐదు శ్రుతి అంటాం."

అప్పటి నుంచి ఆ క్లాసులో రెండు పేర్లూ చెలామణీ అయ్యాయి. నాకు అదే కావాలి కూడా. స, ప అనే అక్షరాలు దేవుడి పాటల కోసమే పుట్టాయని ఒకరూ, కీబోర్డు మీద నల్లమెట్లు వేరే మతానివని మరొకరూ అనుకుంటే నా పాఠం అక్కడే ఆగిపోతుంది. చెవి ఒక్కటే అని మొదటి వారంలోనే వాళ్లకి తెలియాలి. ఆ అమ్మాయి పుణ్యమా అని తెలిసింది.

లయ దగ్గర మాత్రం చాలా రోజులు పట్టింది. హైస్కూలు పిల్లలు ఏది పాడినా చివరికొచ్చేసరికి పరుగెత్తుతారు. ఎంత తొందరగా అయిపోతే అంత మంచిదన్నట్టు. చేతులతో తాళం వేయిస్తే చేతులు కూడా నోటితో పాటే పరుగెత్తాయి. అందుకని గది వదిలేసి వాళ్లని బడి వెనక ఇసుకలోకి తీసుకెళ్లాను. ఇసుకలో కావాలన్నా ఎవరూ పరుగులాంటి నడక నడవలేరు. అడుక్కి ఒక స్వరం. తర్వాత అదే నడకలో అడుక్కి రెండు. ఆ తర్వాత నాలుగు. కాళ్లు మారకూడదు, నోరు మాత్రమే మారాలి. నేను ముందు, నా వెనక నలభై మంది వరసగా సరిగమలు పాడుకుంటూ తోట గట్టు చుట్టూ.

కొబ్బరి ఈనెలు ఏరుకుంటున్న ఒకావిడ నడుం నిలబెట్టి చూసింది. "ఏటమ్మా, పిల్లల్ని ఇలగ తిప్పుతన్నావు?"

"నడక నేర్పుతున్నానమ్మా."

"ఇంతింతలేసి గుంటలకి ఇప్పుడు నడకేటి?" అని నవ్వుకుంటూ మళ్లీ వంగింది.

ఆ వరసలో ఎప్పుడూ నా వెనకే నడిచే కుర్రవాడు ఒకడు ఉండేవాడు. ఆ ఊరికి వాడే గాయకుడు. ఎలిమెంటరీలో ఉన్నప్పటి నుంచి జెండా పండగకి వాడే పాడాలి, వినాయకుడి పందిట్లో వాడే, క్రిస్మస్‌కి చర్చివాళ్లు కూడా పిలిచి పాడించుకునేవారు. సన్నటి గొంతు. పై షడ్జం, అదే పై స, అందుకోవడానికి పెద్దవాళ్లం మేం ఊపిరి బిగించుకుంటాం. వాడు గోడ మీద నుంచి పిట్ట ఎగిరినంత సులువుగా అక్కడికి వెళ్లిపోయేవాడు. స్థాయి అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడు వాణ్ణే నిలబెట్టాను. "కింది స పాడు. ఇప్పుడు పై స పాడు. అదే స్వరం, ఇల్లు మారింది, చూశారా?" అంటే అందరికీ ఒక్కసారిగా అర్థమైపోయింది.

వాళ్ల నాన్నకి కొబ్బరి తోట ఉంది. కానీ చెట్టెక్కి చాలా కాలమైంది. ఉద్దానంలో చాలా ఇళ్లలో ఉన్న జబ్బే ఆయనకీ ఉంది, కిడ్నీలు పనిచేయడం లేదు. వారంలో కొన్ని రోజులు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని వస్తారు. బడి లేని రోజు కొడుకు తోడు వెళ్తాడు. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో వెనక్కి వాలి, "ఏదైనా పాడరా" అంటారట. వాడు పాడతాడట. ఇది వాడే నాతో చెప్పాడు, పెద్ద విశేషమేమీ కాదన్నట్టు.

దసరా సెలవుల ముందు హెడ్మాస్టరు గారు నేను అడిగినట్టే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పిల్లలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, సరళీ స్వరాలు పాడారు. వాడు పై షడ్జం మీద నిలబడి చూపించాడు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. బయటికి వెళ్తూ, "ఈ క్లాసులు మీవే మేడం. జిల్లా నుంచి ఆఫీసర్లు వచ్చినప్పుడు మాత్రం ఈ అబ్బాయి చేత పాడించండి" అన్నారు.

ఆఫీసర్లు చలికాలంలో వచ్చారు. వాళ్లు వచ్చే ముందు రోజు ప్రార్థనలో వాడి చేత స్వాగతం పాట ఒకసారి పాడించమన్నారు హెడ్మాస్టరు గారు. బడి మొత్తం వరసల్లో నిలబడి ఉంది. మొదటి చరణం బాగానే వెళ్లింది. పైకి వెళ్లాల్సిన చోట వాడి గొంతు రెండు ముక్కలైంది. ఒక ముక్క పైకి కీచుమంటూ, ఇంకో ముక్క కిందికి గరగరమంటూ. వాడు ఆగి, గొంతు సవరించుకుని మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అదే. ఎవడో "మ్యా" అన్నాడు. బడంతా నవ్వింది. టీచర్లలో కూడా ఒకరిద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

నేను ముందుకెళ్లి వాడి భుజం మీద చెయ్యి వేసి, మిగతా పాట నేనే పాడేశాను. మర్నాడు ఆఫీసర్ల ముందు పాస్టరు గారి అమ్మాయి పాడింది. అది చక్కగానే జరిగింది.

వాడు క్లాసుకి వచ్చేవాడు కానీ నోరు తెరిచేవాడు కాదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేవాడు. మామూలుగా మగపిల్లలు ఈ వయసులో కొన్నాళ్లు బిగుసుకుపోతారు. మెల్లిగా మాట్లాడదామనుకున్నాను. ఇంతలో బడికి రావడమే మానేశాడు.

మూడో రోజో నాలుగో రోజో వాళ్లమ్మ వచ్చింది. భోజనాల వేళ. వరండా చివర నిలబడి, నన్ను చూసి చెంగు భుజం మీదికి లాక్కుంది.

"మేడమ్మా, మా గుంటడు ఇంట్లో కూడా మాటాడ్డం మానీసినాడు."

"కూర్చోండమ్మా. ఏమైంది?"

ఆవిడ కూర్చోలేదు. "గొంతు పోనాది కదా. మందుల షాపులో సిరప్పు ఇచ్చినారు. మిరియాల కషాయం పోసినాను. తాయెత్తు కట్టించినాను. ఏటీ పన్జెయ్యట్నేదు." గొంతు తగ్గించింది. "ఆల నాన్నకి కూడా మొదట్లో ఇలగే ఏటీ తెలీనేదు. ఒల్లు అలిసిపోతన్నాది అనీవోడు, అంతే. నీల్లవల్లే అంటన్నారు అందరూ. ఇప్పుడు ఈడు నీల్లు తాగడం మానీసినాడు."

"మొత్తం మానేశాడా?"

"పొద్దుటేల గుక్కెడు, రేత్తిరి గుక్కెడు. అడిగితే లెగిసి ఎల్లిపోతాడు."

అప్పటిదాకా నాకు నవ్వొచ్చే విషయంలాగే ఉంది. ఆ మాటతో లేచి నిలబడ్డాను. పధ్నాలుగేళ్ల పిల్లవాడు నీళ్లంటే భయపడుతున్నాడు.

"అమ్మా, మీ అబ్బాయికి గొంతు జబ్బు లేదు. వాడు పెద్దవాడవుతున్నాడు."

ఆవిడ నన్ను నమ్మనట్టు చూసింది. "పెద్దోడవడానికీ గొంతుకీ ఏటి మేడమ్మా?"

చెప్పాను. మగపిల్లలకి ఈ ఈడులో గొంతు లోపలి తంత్రులు పొడుగవుతాయి, లావవుతాయి. కొన్ని నెలలు ఎటు పలుకుతుందో వాళ్లకే తెలియదు. తర్వాత కిందికి దిగి స్థిరపడుతుంది. ఆవిడ విని, "మా తమ్ముడికీ అలగే అయినాది కావాల. మరి ఎవులూ పట్టించుకోనేదు" అంది.

అదే సంగతి. మా వైపు ఆడపిల్ల పెద్దదైతే చుట్టాలందర్నీ పిలిచి, కొత్త బట్టలు పెట్టి, ఊరికంతటికీ చెప్తారు. మగపిల్లవాడు పెద్దవాడైతే ఎవడో ఒకడు మేకలా అరుస్తాడు. అంతటితో సరి.

సాయంత్రం బడి వదలగానే ఆవిడతో కలిసి వాళ్లింటికి వెళ్లాను. తోటలోనే ఇల్లు. వాకిట్లో మంచం మీద ఆయన కూర్చుని ఉన్నారు. చిక్కిపోయిన మనిషి, కానీ మాట గట్టిగానే ఉంది. "రండి మేడం" అని లేవబోతే వద్దన్నాను. పిల్లవాడు ఒలిచిన కొబ్బరి డొక్కల కుప్ప వెనక నిలబడ్డాడు.

"పాడరా అంటే పారిపోతన్నాడు మేడం" అన్నారాయన. "నా తోటి పలాస రావడం కూడా మానీసినాడు."

నేను పిల్లవాణ్ణి పిలిచి మంచం పక్కన కూర్చోమన్నాను. "నీళ్లు ఎందుకు తాగడం లేదు?"

చాలాసేపు ఇసుకలో వేలితో గీతలు గీశాడు. తర్వాత ఒక్క వాక్యం అన్నాడు. సగం పైన, సగం కింద. "నాక్కూడా వొచ్చీసినాది మేడం."

"ఏం వచ్చింది?"

వాడు తండ్రి వైపు చూశాడు, అంతే. వాళ్లమ్మ గుమ్మానికి ఆనుకుని మొహం అటు తిప్పుకుంది.

"గొంతు ఎక్కడుంది?" అన్నాను. వాడు మెడ మీద చెయ్యి వేశాడు. "కిడ్నీలు ఎక్కడున్నాయి?" నడుము వెనక్కి చూపించాడు. ఆ ఊళ్లో ఏ పిల్లవాణ్ణి అడిగినా చూపిస్తాడు.

"మరి ఆ జబ్బు ఇక్కడికెలా ఎక్కుతుంది? ఇన్నేళ్లలో ఎంతమంది మగపిల్లలకి పాఠం చెప్పానో, అంతమంది గొంతులూ దిగాయి. మీ హెడ్మాస్టరు గారిదీ దిగింది. మీ నాన్నదీ దిగింది. అడుగు."

ఆయన నవ్వారు. "దిగింది రా. నేనప్పుడు ఇంత ఇది సెయ్యనేదు. పాట నేదు కదా నాకు, అందుకని తెల్నేదు."

"నా మాట చాలకపోతే డాక్టర్ని అడుగుదాం," అన్నాను. "ఈసారి నాన్నతో పలాస వెళ్లినప్పుడు నువ్వూ రక్తం ఇవ్వు. కానీ నీళ్లు మాత్రం ఇప్పుడే తాగు. తడి లేకపోతే ఏ గొంతూ పలకదు. ఇది సంగీతం టీచరుగా చెప్తున్నాను."

వాళ్లమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. వాడు నా మొహం చూస్తూ చెంబెడూ తాగాడు. ఆ వారంలోనే పలాసలో పరీక్ష చేయించారు. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు డాక్టరు గారు. ఆయన కూడా గొంతు గురించి నేను చెప్పిందే చెప్పారట. ఆ పని చేయించినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే. ఆ ఊళ్లలో అమ్మానాన్నలకి మాట ఒక్కటే సరిపోదు.

ఇక నా పని మిగిలింది. వాడొక్కడికి చెప్తే చాలదు, నవ్విన వాళ్లకి కూడా తెలియాలి. సైన్సు సార్‌ని సాయమడిగాను. ఆయన టెక్కలి కుర్రవాడే, కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ధ్వని పాఠం ఎలాగూ చెప్పాలి కదా అని ఉత్సాహంగా ఒప్పుకున్నాడు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టాం. ఆయన ఒక బల్లకి ఇనప తీగ బిగించి, రెండో కొసకి ఇటుక వేలాడదీశాడు. తీగ కింద చెక్కముక్క పెట్టి మీటాడు. చెక్కముక్క ఇటు జరిపి మీటగలిగే తీగ పొట్టి చేస్తే నాదం పైకి వెళ్లింది. అటు జరిపి పొడుగు చేస్తే కిందికి వచ్చింది. తర్వాత అదే పొడుగులో లావు తీగ కట్టి మీటాడు. ఇంకా కిందికి.

"మగపిల్లల గొంతులో ఇప్పుడు ఇదే జరుగుతోంది," అన్నాను. "తీగ పొడుగవుతోంది, లావవుతోంది. కొత్త తీగ కదా, శ్రుతి నిలవడానికి టైము పడుతుంది. ఈలోగా గర్‌మంటుంది, కీచ్‌మంటుంది. తీగ పాడైపోయినట్టు కాదు."

పాస్టరు గారి అమ్మాయి చెయ్యెత్తింది. "మరి మాకు మేడం?"

"మీకూ కొంచెం దిగుతుంది. చప్పుడు చెయ్యకుండా దిగుతుంది."

సైన్సు సార్ నవ్వుతూ అందుకున్నాడు. "నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు ఇంగ్లీషు సార్ హాజరు పిలిస్తే 'ప్రెజెంట్ సర్' అన్నాను. ప్రెజెంట్ ఒక గొంతుతో, సర్ ఇంకో గొంతుతో. సార్ తలెత్తి, ఇద్దరు పలికారేంటి, ఎవడ్రా ఆ రెండోవాడు అన్నారు."

గది గొల్లుమంది. నేను వాడి వైపు చూశాను. వాడూ నవ్వుతున్నాడు, పెద్దగా, రెండు గొంతులతో.

"ఇక్కడ ఇంకా ఎవరికి మొదలైంది?" అని అడిగాను. ముందుగా వెనక బెంచీలో మ్యా అన్నవాడే చెయ్యెత్తాడు. వాడి పక్కవాడు. ఆ తర్వాత కిటికీ పక్కన ఇద్దరు. వాళ్లంతా కొన్నాళ్లుగా క్లాసులో పెదవులు మాత్రమే కదుపుతున్నారని నాకు తెలుసు. అలా ఎందుకు చేస్తున్నారో ఇప్పుడు మిగతావాళ్లకీ తెలిసింది.

మర్నాటి నుంచి మా గాయకుడికి పాట లేదన్నాను. తాళం వెయ్యమన్నాను, క్లాసంతటికీ.

"పాడీవోణ్ణి తాలం ఎయ్యమంటారేటి మేడం?" వాడికి చిన్నతనంగా అనిపించింది.

"నీ తాళం తప్పితే వీళ్లంతా బోర్లా పడతారు. అందుకే ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వను."

వాడు దాన్ని నిజంగానే పెద్ద పనిగా తీసుకున్నాడు. ఇసుకలో నేర్చుకున్న నడక వాడి చేతిలోకి వచ్చింది. ఎవరైనా పరుగెత్తితే తల తిప్పి చూసేవాడు, ఆ చూపుకే ఆగేవారు. గొంతుకి మాత్రం రోజూ కాస్త పని పెట్టాను. శ్రుతి పెట్టె బాగా కిందికి దించి, నోరు మూసుకుని ఒక్క షడ్జం. అది నిలిచాక రిషభం. నొప్పి పుడితే ఆగిపోవాలి. పాత పై స్వరాల జోలికి వెళ్లకూడదు. వాడు మొదట్లో రహస్యంగా వెళ్లేవాడు. గొంతు బొంగురుపోయి దొరికిపోయేవాడు. "అది నీ పాత ఇల్లురా. అక్కడ వేరేవాళ్లు దిగారు. కొత్త ఇంట్లో సామాను సర్దుకో" అని కోప్పడేదాన్ని. కొన్ని వారాలకి స నుంచి ప దాకా నేలమీద చాప పరిచినంత నిశ్చలంగా వచ్చాయి. కింది గొంతు అంత నిండుగా ఉంటుందని నేను కూడా ఊహించలేదు.

టెక్కలిలో బడుల మధ్య బృందగానం పోటీ ఉందని కబురొచ్చింది. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. "ఆ అబ్బాయి గొంతు పోయింది కదా మేడం. ఈ ఏడాదికి మానేద్దామా?"

"గొంతు పోలేదు సర్, దిగింది. వెళ్దాం. మగపిల్లలందర్నీ తీసుకెళ్తాను."

చిక్కు ఒక్కటే. అమ్మాయిల శ్రుతిలో పాడితే అబ్బాయిలకి అందదు, అబ్బాయిల శ్రుతిలో పాడితే అమ్మాయిలకి మరీ కింద. ఒకటో శ్రుతి, అంటే కీబోర్డు మీద సి, దగ్గర పెట్టి, స నుంచి ప దాటకుండా ఒక చిన్న వరస కట్టాను. అమ్మాయిలు పై స్థాయిలో, అబ్బాయిలు కింది స్థాయిలో. ఒకే స్వరాలు, రెండు ఇళ్లు. పాస్టరు గారి అమ్మాయి వినగానే, "మా చర్చిలో ఆడోల్లూ మగోల్లూ ఇలగే పాడతారు మేడం. కలిసే ఉంటాది" అంది. మాటలు పిల్లలే రాశారు, పనస తొనల మీద. ఎవరి భాగం ఎంత అని అక్కాతమ్ముళ్లు కొట్టుకోవడం గురించి. దాన్ని నేను దిద్దలేదు, వాళ్ల మాటల్లోనే ఉంచాను.

మొదటిసారి రెండు స్థాయిలూ కలిపి పాడించిన రోజు బాగా గుర్తుంది. గాలి అటు వైపుకి ఉంది, సముద్రం వినిపించడం లేదు. అమ్మాయిలు మొదలుపెట్టారు. తాళం రెండో ఆవర్తనానికి అబ్బాయిలు కింద నుంచి చేరారు, వాడు ముందుండి. పిల్లలు పాడుతూనే కళ్లు పెద్దవి చేశారు. ఇన్నాళ్లూ స్థాయి అంటే బోర్డు మీద పైనో కిందో చుక్క పెట్టిన అక్షరం. ఆ రోజు తమ ఒంట్లోనే మోగింది. వరండాలో వెళ్తున్న తెలుగు మాస్టారు చాక్‌పీసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ తర్వాత స్థాయి గురించి నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

టెక్కలిలో మొదటి బహుమతి వేరే బడికి వెళ్లింది. రెండోది కూడా. వాళ్ల పాటలు పెద్దవి, కష్టమైనవి, బాగా పాడారు. మాది చూసి ఒక న్యాయనిర్ణేత మాత్రం పక్కకి పిలిచి, "ఈ వయసు మగపిల్లలు ఇంతమంది వచ్చి పాడటం ఎక్కడా చూళ్లేదమ్మా. మిగతా బడులన్నీ ఆడపిల్లల్నే తెచ్చాయి, చూశారా?" అన్నారు. చూశాను. నేను అక్కడికి వెళ్లిందే అందుకు.

తిరుగు బస్సులో నందిగాం దాటేవరకూ పాడుతూనే ఉన్నారు. అమ్మాయిలు అలిసిపోయి ఆపేసినా కింది భాగం వాడొక్కడే కాసేపు పాడాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిందేమైనా ఉందన్న సంగతే ఎవరికీ తోచలేదు.

వేసవి సెలవుల్లో పలాస బజారులో వాడి తండ్రి ఎదురయ్యారు, డయాలసిస్ నుంచి వస్తూ. వాడు పక్కన సంచి పట్టుకుని నిలబడ్డాడు. నాకంటే పొడుగయ్యాడు.

"మళ్లీ పాడతన్నాడు మేడం, వ్యానులో," అన్నారాయన. "ఇంతకుముందు ఆడు పాడితే నాకు నిద్దరొచ్చీసీది. ఇప్పుడు రావట్నేదు."

"అయ్యో, ఎందుకని?"

"పాట ఇంటన్నాను కదా" అన్నారు, అదేం ప్రశ్న అన్నట్టు.

జూన్‌లో బడి తెరిచాక హెడ్మాస్టరు గారు కొత్త టైంటేబుల్ నా ముందు పెట్టారు. పదో తరగతి గళ్లలో ఒకచోట సంగీతం అని రాసి ఉంది. "వారానికి ఒకటి తీసుకోండి మేడం" అన్నారు. రెండు కావాలన్నాను. లెక్కల మనిషి కదా, బేరమాడి ఒకటికే ఒప్పించారు. వచ్చే ఏడాది రెండోది కూడా అడుగుతాను, ఆయనకీ తెలుసు.

ఆ వారంలోనే స్టాఫు రూము గుమ్మం దగ్గర ఎనిమిదో తరగతి మగపిల్లలు నలుగురు ఒకర్నొకరు తోసుకుంటూ నిలబడ్డారు. ఏమిటన్నాను. ముందున్నవాడు గొంతు సవరించుకున్నాడు. అది సవరణకి లొంగలేదు.

"మేడం, నాది దిగతన్నాది. కొత్త స ఎక్కడుందో సూత్తారా?"

వెనకవాడు వాణ్ణి పక్కకి నెట్టాడు. "నాది ఈడికన్నా ముందే దిగినాది మేడం. ముందు నాది సూడండి."

వరసలో నిలబడమని చెప్పి, శ్రుతి పెట్టె కోసం సంచిలో చెయ్యి పెట్టాను.